తెర నల్లబడిందా? ముందు క్యాప్స్ లాక్ నొక్కండి

పిల్లలూ,

కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నల్లగానే ఉండిపోయిందనీ, దాచుకున్న ఫైళ్లన్నీ పోయాయేమోననీ బెంగపెట్టుకున్నారట. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. ఫైళ్లు ఉండేది డిస్కులో. తెర మీదికి బొమ్మ వచ్చే దారి వేరు. ఎక్కువసార్లు తెగేది ఆ దారే.

పవర్ బటన్‌ని అదేపనిగా నొక్కకండి. ముఖ్యంగా కొత్తగా డీడీఆర్5 ర్యామ్ (కొత్త రకం మెమరీ పలక) వేశాక మొదటిసారి ఆన్ చేస్తే, మదర్‌బోర్డు (భాగాలన్నీ గుచ్చే పెద్ద పలక) దాన్ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. పాడైందనుకుని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికొస్తుంది.

కాసేపు ఆగి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని చిన్న దీపం వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందా? అయితే కంప్యూటర్ లోపల మేలుకునే ఉంది, మీ మాట వింటోంది, చూపించలేకపోతోందంతే. (కొన్ని కీబోర్డులకు ఆ దీపమే ఉండదు. ఎందుకు తీసేశారో నాకైతే నచ్చలేదు.)

తర్వాత చూడాల్సింది, ఆన్ చేయగానే కంపెనీ లోగో వచ్చిందా లేదా అని. లోగో కూడా రాకుండా మానిటర్ 'నో సిగ్నల్' అంటుంటే విండోస్‌ని తిట్టి లాభం లేదు, అది ఇంకా మొదలే కాలేదేమో. కేబుల్ రెండు కొసలూ ఊడదీసి గట్టిగా పెట్టండి. మానిటర్‌లో ఇన్‌పుట్ మీ కేబుల్ గుచ్చిన సాకెట్‌కే (హెచ్‌డీఎంఐ లాంటిది) ఉందో లేదో చూడండి. ఒకసారి నేను పూటంతా పెట్టె విప్పి కూర్చున్నాను. ర్యామ్ తీసి, రెండు చివర్లా క్లిక్‌మనేదాకా నొక్కి పెట్టాను. ఫలితం లేదు. తీరా చూస్తే కేబుల్‌ని యూఎస్‌బీ పోర్టుల పక్కనున్న మదర్‌బోర్డు సాకెట్‌లో గుచ్చాను! గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మను తయారుచేసే విడి పలక) ఉన్నప్పుడు కేబుల్ పెట్టాల్సింది కిందుగా విడిగా ఉండే ఆ కార్డు సాకెట్‌లో. మీరు పెట్టె విప్పాల్సి వస్తే మాత్రం ముందు ప్లగ్ పీకేయండి.

లోగో వచ్చి, ఆ తర్వాత నల్లబడిందా? అప్పుడు కేబుల్, మానిటర్ బాగానే ఉన్నట్టు. అనుమానం డ్రైవర్ మీదికి, అంటే గ్రాఫిక్స్ భాగాన్ని విండోస్ చేత నడిపించే ప్రోగ్రామ్ మీదికి పోతుంది. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. నల్లటి తెర మీద మౌస్ బాణం ఒక్కటే తిరుగుతుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటే కొత్త టాస్క్‌గా 'ఎక్స్‌ప్లోరర్' అని ఇవ్వండి, డెస్క్‌టాప్ తిరిగి రావచ్చు.

రాకపోతే సేఫ్ మోడ్. ఇందాక పవర్ బటన్ నొక్కొద్దన్నానుగానీ ఇక్కడ మాత్రం తప్పదు: విండోస్ లోడవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ మెనూ దానంతటదే వస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ మీ గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కనపెట్టి తన మామూలు డ్రైవర్‌తో నడుస్తుంది. అక్కడ బొమ్మ కనిపించిందంటే దొంగ దాదాపు దొరికినట్టే: ఈమధ్య వేసిన డ్రైవర్ తీసేసి పాతది పెట్టండి.

మీలో లైనక్స్ వాడేవాళ్లు గ్రబ్ మెనూలో (లైనక్స్ మొదలయ్యే ముందు వచ్చే జాబితాలో) 'ఇ' నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే వరుస చివర 'నోమోడ్‌సెట్' అని ఇంగ్లీషులో చేర్చి, ఎఫ్10 నొక్కి బూట్ చేయండి. ఆ మార్పు ఆ ఒక్కసారికే, భయం లేదు. డిస్కు పూర్తిగా నిండిపోయినా లాగిన్ తెర రాకుండా పోవచ్చు, అదీ చూసుకోండి.

ఇవన్నీ చేసినా నలుపే అయితే నాకు మూడు సంగతులు రాయండి: క్యాప్స్ లాక్ దీపం వెలిగిందా, లోగో వచ్చిందా, ముందురోజు కొత్తగా ఏం వేశారు. మూడోది దాచకుండా రాయండి, నేనేమీ అనను.

మీ తాతయ్య