ఇంట్లో చేసుకునే విప్డ్ బటర్లు: అపోహలు - వాస్తవాలు

చర్మానికి, జుట్టుకు రాసుకునే విప్డ్ బటర్లు (గింజల నుంచి తీసిన గట్టి కొవ్వులను నూనెతో కలిపి, క్రీములా నురగొచ్చేదాకా గిలక్కొట్టినవి) తయారుచేసి అమ్ముతుంటాను. సొంతంగా చేసుకునేవాళ్లు కూడా ఈమధ్య బాగా పెరిగారు. నా దగ్గరికి ఎక్కువగా వచ్చే సందేహాలివి.

అపోహ: బటర్ చర్మానికి తేమనిస్తుంది.
అందులో నీటి చుక్కే ఉండదు, తేమ ఎక్కడినుంచి వస్తుంది? ఒంట్లో ఉన్న తేమ ఆరిపోకుండా పైన పొరలా ఆపుతుందంతే. స్నానం చేసి తువ్వాలుతో అద్దుకున్నాక, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే రాసుకోవాలి. జుట్టుకైతే తడి చివర్లకి శనగగింజంత చాలు.

అపోహ: కలబంద గుజ్జు, రోజ్ వాటర్ కలిపితే ఇంకా మంచిది.
నీళ్లు లేనిదాంట్లో బూజు, బాక్టీరియా పెరగవు. ఒక్క చెంచా గుజ్జు వేశారంటే వాటికి విస్తరేసి వడ్డించినట్టే. విటమిన్ ఇ వేశాం కదా అంటారు. అది నూనెకు కనరు వాసన పట్టకుండా కొన్నాళ్లు ఆపుతుంది, బూజును ఆపదు. తడివేళ్లు కూడా డబ్బాలో పెట్టకండి.

అపోహ: పలుకులు కట్టిందంటే కల్తీ సరుకు.
కాదు. ఇందులో వాడే షియా బటర్‌లో, అంటే ఆఫ్రికాలో పెరిగే షియా చెట్టు గింజల నుంచి తీసినదాంట్లో, రకరకాల కొవ్వులుంటాయి. నెమ్మదిగా చల్లారితే కొన్ని ముందే గడ్డకట్టి బొంబాయి రవ్వంత పలుకులు తేలతాయి. మళ్లీ పూర్తిగా కరిగించి, గిన్నెను వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. అంచులు గట్టిపడి, మధ్యలో వేలితో నొక్కితే సొట్టపడేటప్పుడు తీసి బీటర్‌తో కొట్టాలి. పల్చగా ఉన్నప్పుడు ఎంతసేపు కొట్టినా గాలి నిలవదు.

అపోహ: వేసవిలో కరిగితే నకిలీదే.
ఇది వినీ వినీ విసుగొచ్చింది! కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, షియా 32 నుంచి 38 మధ్య. మే నెలలో రామగుండంలో ఎండ 40 దాటాక ఏది నిలుస్తుంది? కొబ్బరినూనె తగ్గించి, కాస్త గట్టిగా ఉండే కోకం బటర్ (కోకం పండు గింజల కొవ్వు) పెంచి చూడండి. తేనెమైనం కొంచెం వేసినా పనిచేస్తుంది, ఎక్కువైతే మాత్రం జుట్టుకు పట్టుకుని వదలదు. కొరియర్ టెన్షన్ పడలేక ఎండాకాలం నేను దూరపు ఆర్డర్లు తీసుకోను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. బటర్ జుట్టు పెంచదు. చుండ్రున్న మాడుకు రాయొద్దు, చుండ్రు తెచ్చే ఫంగస్ బతికేదే కొవ్వు మీద. మొటిమలొచ్చే ముఖానికి కోకో బటర్, కొబ్బరినూనె వద్దు. సన్‌స్క్రీన్‌కు బదులు అసలే కాదు.

మామిడి బటర్‌కి పండు వాసన రాదేమని కూడా అడుగుతారు. దాన్ని తీసేది టెంకలోని జీడి నుంచి. ఘుమఘుమలాడుతోందంటే విడిగా సెంటు కలిపారనే.