కాలువ గట్టు కింద ఊట

గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తి కాలువలోకి వదిలిన నీళ్లన్నీ శివారు చేను చేరవు. కొంత దారిలోనే మట్టిలోకి ఇంకిపోతుంది. ఇది కాలువలు తవ్విన నాటి నుంచీ ఉన్నదే. తగవుగా మారింది మాత్రం దాళ్వాతోనే, అంటే రబీ వరితోనే.

1830ల కరవులకు చితికిన గోదావరి ప్రాంతంలో ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట పని మొదలుపెడితే 1852కు పూర్తయింది. కాలువలు సాగుకే కాదు, పడవలకు కూడా తవ్వారు. అందుకే అంత వెడల్పు, అన్ని లాకులు. చేలకు నీరు తనంతట తాను పారాలంటే కాలువ మెరక మీదుగా నడవాలి. దాంతో చాలాచోట్ల కాలువలో నీటిమట్టం పక్క చేను కంటే ఎత్తున ఉంటుంది. గట్టేమో మట్టిది. ఊరక ఏం చేస్తుంది?

సార్వాలో, అంటే ఖరీఫ్ వరి కాలంలో, గోదారి నిండుగా ఉంటుంది కాబట్టి ఆ ఊట ఎవరికీ పట్టదు. దాళ్వాలో నదే సన్నబడుతుంది. ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల కోసం ఎదురుచూపులు, కాలువల కింద వంతులు. అప్పుడు ఎగువన ఇంకిన ప్రతి చుక్కా శివారు రైతు వాటాలోంచి పోయినట్టే. పాత ఆనకట్ట స్థానంలో 1982కల్లా బ్యారేజీ వచ్చింది. దాని కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు. తలుపులు కొత్తవయ్యాయి కానీ, కాలువల ఒళ్లు చాలావరకు పాతదే.

ఫిబ్రవరిలో గట్టు దిగి చూస్తే పీత బొక్కల్లోంచి నీరు బుడబుడమంటూ ఉంటుంది. ఆ మడిలో అడుగేస్తే పిక్కల దాకా దిగబడుతుంది. అదే పూట శివారులో రైతు మురుగు కాలువ నీళ్లు నోట్లో వేసుకుని, ఉప్పు తగలకపోతే ఇంజను పెట్టి తోడుకుంటాడు.

మొత్తం కాంక్రీటు వేసేయమనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కోనసీమ నేల కింద ఉప్పునీటి మీద మంచినీటి పొర తేలుతోంది. బావులు, చేతిపంపులు దాని మీదే బతుకుతున్నాయి. దాన్ని నింపేవాటిలో ఈ ఊట కూడా ఒకటి. ఇసుకపాలు ఎక్కువై, నీరు ఎత్తున నడిచే గట్లకు లైనింగు తప్పదు. మిగతాచోట బంకమట్టి దట్టిస్తే చాలు. పూడిక తీతలోనూ జాగ్రత్త కావాలి. అడుగున పేరుకున్న సన్న ఒండ్రే కాలువకు పూత, దాన్ని గీకేస్తే ఇంకుడు పెరుగుతుంది.

పనులకు దొరికేది వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన కొద్ది వారాలే. ఏ గట్టు కారుతోందో తెలియాలంటే, కట్టేయక ముందే తుంగ, జమ్ము ఒత్తుగా లేచిన చోట్లు చూసి కర్రలు పాతుకోవాలి. నీళ్లు ఆగాక గట్లన్నీ ఒకేలా కనబడతాయి.