బోటు మీద వీహెచ్‌ఎఫ్ సెట్టు: అపోహలు - వాస్తవాలు

జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా బోట్ల దగ్గర వీహెచ్‌ఎఫ్ సెట్ల గురించి, అంటే సముద్రం మీద బోట్లు మాట్లాడుకునే రేడియోల గురించి, తరచూ వినిపించే మాటలివి.

అపోహ: రేడియో తరంగాలంటే రేడియోలో వచ్చే శబ్దం.

కాదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, రేడియో తరంగం 3 లక్షల కిలోమీటర్లు. అది వెలుతురు జాతిది, గాలి లేని చోట కూడా పోతుంది. మీ గొంతును సెట్టు ఆ తరంగం మీద ఎక్కిస్తుంది, అవతలి సెట్టు దించుకుంటుంది. సెల్‌ఫోన్, వైఫై, జీపీఎస్ వాడేవీ రేడియో తరంగాలే.

అపోహ: వాట్లు పెంచితే దూరం పెరుగుతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. వీహెచ్‌ఎఫ్ తరంగం దాదాపు నేరుగా పోతుంది, భూమి వంపు దాన్ని అడ్డుకుంటుంది. ఏరియల్ (తరంగాన్ని పంపే, అందుకునే కడ్డీ) ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలాన్ని 4తో హెచ్చిస్తే అది అందే దూరం కిలోమీటర్లలో వస్తుంది. 4 మీటర్ల ఎత్తుకు 8 కిలోమీటర్లు. రెండు బోట్లకూ అంతే ఎత్తుంటే రెండూ కలిపి 16. రెండింటినీ 9 మీటర్లకు లేపితే 24. అందుకే ముందు ఏరియల్ పైకెత్తండి.

తర్వాత సెట్టు నుంచి ఏరియల్‌కు వెళ్లే కేబుల్ చూడండి. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లుంటే, కొత్తదైనా సగం శక్తి దారిలోనే పోతుంది: 25 వాట్లలో ఏరియల్‌కు చేరేది 12 చిల్లర. లావు ఆర్‌జీ-213 వేస్తే నష్టం సుమారు సగానికి తగ్గుతుంది. కనెక్టర్‌లోకి ఉప్పునీరు దిగితే లోపలి రాగి అల్లిక పచ్చబడుతుంది, ఆ కేబుల్ ఇక పనికిరాదు. జాయింటుకు సాగే రబ్బరు టేపు లాగి చుట్టి, దానిపైన పీవీసీ టేపు వేయండి. వెనిగర్ వాసనొచ్చే సిలికాన్ మాత్రం పూయొద్దు, అది రాగిని తినేస్తుంది.

అపోహ: ఏ కడ్డీ అయినా ఏరియల్‌గా పనికొస్తుంది.

16వ ఛానల్ 156.8 మెగాహెర్ట్జ్, తరంగం పొడవు 1.9 మీటర్లు. పావు తరంగం ఏరియల్ అందులో నాలుగో వంతు కంటే కాస్త తక్కువగా, సుమారు 46 సెంటీమీటర్లు ఉండాలి. పొడవు తప్పినా, ఏరియల్ ఊడిపోయినా శక్తి వెనక్కి తన్నుతుంది. ఆ స్థితిలో మైకు బటన్ నొక్కుతూ ఉంటే సెట్టు లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.

అపోహ: నిన్న సాయంత్రం చాలా దూరం బోట్లు వినిపించాయి, కాబట్టి సెట్టు బాగుంది.

సముద్రం మీది చల్లటి తేమగాలిపైన వేడి పొడిగాలి పరుచుకుంటే తరంగం వంగి దూరం పోతుంది. మర్నాడు అది ఉండకపోవచ్చు. మామూలు రోజున వచ్చే దూరాన్నే లెక్కలోకి తీసుకోండి.

16వ ఛానల్ పిలుపుకూ ఆపదకూ మాత్రమే. కబుర్లకు వేరే ఛానల్‌కు మారండి. ప్రాణాపాయమైతే "మేడే" అని 3 సార్లు చెప్పి, బోటు పేరు, జీపీఎస్ అంకెలు, ఎంతమంది ఉన్నారో చెప్పండి. చెప్పగానే బటన్ వదలండి. నొక్కి ఉంచినంతసేపూ అవతలివాళ్ల జవాబు మీకు వినపడదు.