పాకం ముదిరితే గాజు, ఓపిక పడితే స్ఫటికం

పటికబెల్లం ముక్కను వెలుతురులో పెట్టి చూడండి. చదునైన ముఖాలు, పదునైన అంచులు కనిపిస్తాయి. పీచుమిఠాయి పోగులో వెతికినా అవి దొరకవు. రెండిట్లోనూ ఉన్నది ఒకటే, సుక్రోజ్ అణువు, అంటే మన పంచదారే. ఆ అణువులు సర్దుకున్న తీరే వేరు.

అణువులు వరుస తప్పకుండా పేర్చుకుంటే అది స్ఫటిక ఘనం. వరుస కట్టకముందే, ఎక్కడివక్కడ బిగుసుకుపోతే అస్ఫటిక ఘనం, అంటే గాజు లాంటిది. కిటికీ అద్దం ఈ రెండో రకమే, అందుకే పగిలితే వంకర పెంకులవుతుంది. స్ఫటికాల్లో మళ్లీ బంధాన్నిబట్టి నాలుగు రకాలున్నాయి. ఉప్పులో ధన, రుణ అయాన్లు, అంటే విద్యుదావేశమున్న కణాలు, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి అది కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ కావాలి. కానీ సుత్తితో కొడితే ఒక పొర కాస్త పక్కకు జరుగుతుంది, ఒకే ఆవేశమున్న అయాన్లు ఎదురెదురై నెట్టుకుంటాయి, ఉప్పు కల్లు చిట్లుతుంది. రాగిలో ఎలక్ట్రాన్లు అన్ని పరమాణువులకూ ఉమ్మడి, పొర జరిగినా పట్టు పోదు, తీగ సాగుతుంది. వజ్రంలో ప్రతి కార్బన్ పరమాణువూ నాలుగింటిని పట్టుకుని ఉంటుంది. కర్పూరం అణు ఘనం, అంటే విడివిడి అణువులు పేర్చుకున్నది. అణువుల మధ్య పట్టు ఎంత తక్కువంటే, మూత సరిగ్గా పెట్టకపోతే బిళ్ల కరగకుండానే గాలిలో కలిసిపోతుంది.

పంచదారా అణు ఘనమే. అయితే దాని అణువులు హైడ్రోజన్ బంధాలతో అల్లుకుని ఉంటాయి, కాబట్టి కర్పూరంలా ఎగిరిపోదు. ఇక దాన్ని స్ఫటికం చేయాలా, గాజు చేయాలా అన్నది మన చేతిలో పని.

స్ఫటికం కావాలంటే 200 మిల్లీలీటర్ల నీళ్లలో అరకిలో పంచదార వేసి, ఒక్క పలుకూ మిగలకుండా వేడిచేసి కరిగించండి. చల్లారాక ఆ నీళ్లు పట్టుకోగలిగేది సుమారు 400 గ్రాములే. మిగతా 100 గ్రాములూ బయటపడడానికి చోటు వెతుక్కుంటాయి. నూలుదారాన్ని ఆ పాకంలో ముంచి, పంచదార అద్ది, పూర్తిగా ఆరనిచ్చి, చల్లారిన పాకం పోసిన గ్లాసులో వేలాడదీయండి. దారం తడిగా ఉంటే అద్దిన పలుకులు కరిగిపోతాయి. వారం రోజులు కదపకూడదు. కదిపితే ఒక్క పెద్ద స్ఫటికానికి బదులు అడుగున సన్న రవ్వ పేరుకుంటుంది.

గాజు కావాలంటే దారి వేరు. లడ్డుకు పట్టే తీగపాకం 106 నుంచి 112 డిగ్రీల మధ్య వస్తుంది, అందులో ఇంకా ఐదో వంతు నీరుంటుంది. పంచదారతో పల్లీ పట్టీ చేయాలంటే 150 డిగ్రీల దాకా వెళ్లాలి. అప్పటికి నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగులుతుంది. పాకం చుక్కను నీళ్లలో వేసి తీసి పళ్లెం మీద పడేస్తే టంగుమనాలి. అంత చిక్కటి పాకం చల్లారేటప్పుడు అణువులకు వరుస కట్టే తీరిక ఉండదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు పాకం పంచదార కట్టడం. గిన్నె అంచున ఎండిన ఒక్క పలుకు లోపలికి జారినా, చల్లారేటప్పుడు గరిటె తిప్పినా, ఆ పలుకు చుట్టూ మిగతాదంతా వరుస కడుతుంది. తడి గుడ్డతో అంచులు తుడవడం అందుకే. అరకిలోకి అర చెంచా నిమ్మరసం ఇంకా మంచి ఉపాయం. ఆ పులుపు కొంత సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. ఆకారం వేరైన అణువులు మధ్యలో చేరితే వరుస కుదరదు. రసం ఎక్కువైతే పట్టీ గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. బెల్లంలో ఈ రెండు చక్కెరలూ ముందే ఉంటాయి కాబట్టి బెల్లంపాకం అంత సులువుగా రవ్వ కట్టదు. ఫ్రక్టోజ్ తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో బెల్లం పట్టీయే ముందు మెత్తబడుతుంది.

తేమ చేసే పని చిన్నది కాదు. పొడిగా ఉన్న పంచదార గాజు మెత్తబడాలంటే 60 నుంచి 70 డిగ్రీలు కావాలి. అందులో నీరు నూటికి నాలుగైదు పాళ్లు చేరితే చాలు, మామూలు గది వేడికే మెత్తబడుతుంది. పీచుమిఠాయి పోగు సన్నం కాబట్టి తేమ నిమిషాల్లో లోపలిదాకా చేరుతుంది. కవరు తెరిచి ముసురు రోజున వదిలేస్తే పోగులు ముద్దవుతాయి. కదలగలిగే తడి దొరికిన అణువులు మెల్లగా వరుసలోకి వస్తాయి. తర్వాత ఆ ముద్దను వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది, అవి పంచదార పలుకులు.