నిష్పత్తులు ఒకటికి మించితే: మల్టీ ఆబ్జెక్టివ్ ఫ్రాక్షనల్ ఆప్టిమైజేషన్‌లో అపోహలు - వాస్తవాలు

నిష్పత్తుల రూపంలో ఉన్న ఒకటికి మించిన లక్ష్యాలను ఒకేసారి కనిష్ఠం చేయడమే ఈ సమస్య.

అపోహ: లక్ష్యాలకు వెయిట్లు వేసి కూడితే పారెటో బిందువులన్నీ (ఒక లక్ష్యాన్ని మెరుగుపరచాలంటే మరోదాన్ని చెడగొట్టక తప్పనివి) దొరుకుతాయి.

వాస్తవం: కాన్వెక్స్ (గ్రాఫ్ గిన్నెలా ఉండే) లక్ష్యాలకు ఇది చాలావరకు నిజం. నిష్పత్తులకు కాదు. ఎక్స్ 0 నుంచి 10 వరకు ఉండొచ్చనుకుందాం. కనిష్ఠం చేయాల్సినవి రెండు: ఎక్స్/(ఎక్స్+1), (10−ఎక్స్)/(11−ఎక్స్). ఎక్స్ పెరిగితే మొదటిది పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. కాబట్టి ప్రతి బిందువూ పారెటోయే. కానీ రెండూ కాన్కేవ్ (బోర్లించిన గిన్నెలాంటివి) కావడంతో, ఏ వెయిట్లు వేసినా కనిష్ఠం 0 దగ్గరో 10 దగ్గరో వస్తుంది. మధ్యలోవి ఒక్కటీ చిక్కవు.

అపోహ: కేకేటీ (కరుష్-కూన్-టక్కర్) షరతుల్లో, అంటే కనిష్ఠం దగ్గర వాలులు పాటించాల్సిన సమీకరణాల్లో, లక్ష్యాల వాలులను గుణించే గుణకాలంటే ఆ వెయిట్లే.

వాస్తవం: చాలామంది తడబడేది ఇక్కడే. పై ఉదాహరణలో 5 దగ్గర వాలులు 1/36, −1/36. సమాన గుణకాలతో కేకేటీ సరిపోతుంది. వాటినే వెయిట్లుగా వేసి కూడితే 5 దగ్గర 5/3, చివర్లలో 10/11. అంటే 5 దగ్గర ఉన్నది గరిష్ఠం!

చిక్కు విడిపోయే దారిని ఒకే నిష్పత్తి విషయంలో డింకెల్‌బాక్ అనే పరిశోధకుడు 1967లో చూపించారు. లవంలోంచి లాంబ్డా రెట్లు హారాన్ని తీసేయాలి. లాంబ్డా అంటే ఆ బిందువు దగ్గరి నిష్పత్తి విలువ, ఇక్కడ 5/6. అప్పుడు లక్ష్యాలు (ఎక్స్−5)/6, (5−ఎక్స్)/6 అవుతాయి. రెండిటి మొత్తం అంతటా సున్నా, కాబట్టి 5 కూడా కనిష్ఠమే. ఒక బిందువు దగ్గరి విలువలనే లాంబ్డాలుగా తీసుకుంటే, అది నిష్పత్తుల సమస్యకు పారెటో అయినప్పుడు ఈ కొత్త సమస్యకూ పారెటోయే. ఇటునుంచి అటూ అంతే. హారాలు ధనాత్మకమైతే చాలు, కాన్వెక్సిటీ కూడా అక్కర్లేదు. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా అనిపించే ఫలితం ఇదే.

అపోహ: కేకేటీ సరిపోతే పారెటో అయినట్టే.

వాస్తవం: లవాలు కాన్వెక్స్, హారాలు ధనాత్మకం, కాన్కేవ్, షరతుల సమితి కాన్వెక్స్, లక్ష్యాల గుణకాలన్నీ ధనాత్మకం అయితే అవును. లవాలు రుణాత్మకం కాకూడదన్నది మాత్రం తరచూ మరిచిపోతుంటారు. లాంబ్డా రుణమైతే, తీసేసిన హారం కాన్వెక్సిటీని చెడగొట్టొచ్చు. హారం లీనియర్ అయితే ఆ టెన్షన్ లేదు. ఏదైనా లక్ష్యం గుణకం సున్నా అయితే బలహీన పారెటోకే (లక్ష్యాలన్నిటినీ ఒకేసారి మెరుగుపరచలేని బిందువుకే) హామీ.

అపోహ: స్లేటర్ షరతు (అసమానతలన్నిటినీ కచ్చితంగా, అంచు తాకకుండా పాటించే బిందువు ఒకటైనా ఉండాలన్నది) ఉంటే లక్ష్యాల గుణకాలన్నీ ధనాత్మకంగా వస్తాయి.

వాస్తవం: అన్నీ ఒకేసారి సున్నా కావని మాత్రమే అది చెబుతుంది. అన్నీ ధనాత్మకం కావాలంటే లక్ష్యాలను కూడా కలుపుకునే, ఇంకా గట్టి అర్హత షరతు కావాలి.