ఏ, బీ, సీ, డీలతో టెస్టు రాస్తే సరిపోతుందా?

జావా ప్రోగ్రామింగ్ భాషలో సొంత కలెక్షన్ క్లాసు (సెట్, లిస్ట్ లాంటిది) రాసేటప్పుడు అందరి శ్రద్ధా కోడ్ మీదే ఉంటుంది. టెస్టు డేటా దగ్గరకొచ్చేసరికి నోటికొచ్చిన నాలుగు స్ట్రింగులు (అక్షరాల వరసలు) పడేస్తారు.

అపోహ: సెట్‌లో (ఒకే విలువ రెండుసార్లు ఉండని కలెక్షన్‌లో) వేయడానికి ఏ స్ట్రింగులైతే ఏంటి?

వాస్తవం: హ్యాష్‌కోడ్ అంటే స్ట్రింగ్ నుంచి జావా లెక్కగట్టే సంఖ్య. స్మాల్ ఏ నుంచి ఈ వరకు హ్యాష్‌కోడ్‌లు 97 నుంచి 101. హ్యాష్‌సెట్ మొదట 16 బకెట్లతో (గళ్లతో) మొదలవుతుంది, ఇక్కడ కోడ్‌ని 16తో భాగిస్తే వచ్చే శేషమే బకెట్ నంబరు కాబట్టి ఇవి 1 నుంచి 5 వరకు వరుసగా కూర్చుంటాయి. బయటికి తీస్తే అచ్చం అక్షరక్రమమే! వేసిన క్రమాన్ని నిలబెట్టాల్సిన చోట లింక్డ్‌హ్యాష్‌సెట్‌కి బదులు హ్యాష్‌సెట్ పెట్టేసినా టెస్టు హాయిగా పాసైపోతుంది. గూగుల్ వారి గ్వావా టెస్ట్ లైబ్రరీలో నమూనా స్ట్రింగులు కావాలనే బీ, ఏ, సీ, డీ, ఈ అని మొదలవుతాయి. నన్నడిగితే అదీ చాలదు. ఎప్పుడూ అక్షరక్రమంలో ఉంచే ట్రీసెట్‌ ఉండాల్సిన చోట హ్యాష్‌సెట్ ఉంటే ఆ అయిదూ పట్టుకోలేవు. స్మాల్ పీ కూడా కలపండి. దాని కోడ్ 112, అంటే సున్నా బకెట్. ఏ కంటే ముందే బయటికొచ్చి దొంగను పట్టిస్తుంది.

అపోహ: వేలకొద్దీ ర్యాండమ్ స్ట్రింగులు వేస్తే అన్నీ కవర్ అవుతాయి.

వాస్తవం: ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువే లేకపోవడం), పూర్తి హ్యాష్ ఢీకొనే జత (కోడ్ ఒకటే అయిన రెండు వేర్వేరు స్ట్రింగులు) లాంటివి అదృష్టం మీద వదిలేసేవి కావు. ఢీకొనే స్ట్రింగులు తయారుచేయడం చాలా తేలిక. రెండక్షరాల స్ట్రింగుకి మొదటి అక్షరం కోడ్‌ని 31తో గుణించి రెండోదాని కోడ్ కలిపితే హ్యాష్‌కోడ్ వస్తుంది. క్యాపిటల్ ఏ పక్కన స్మాల్ ఏ: 65×31+97 = 2112. రెండు క్యాపిటల్ బీలు: 66×31+66, అదీ 2112. ఈ రెండు ముక్కల్ని నాలుగు స్థానాల్లో మార్చి మార్చి పేరిస్తే 16 స్ట్రింగులు, అన్నింటికీ ఒకే కోడ్. జావా 8 నుంచి హ్యాష్‌మ్యాప్‌లో ఇలా కిక్కిరిసిన బకెట్ మామూలు జాబితా నుంచి చెట్టు ఆకారంలోకి మారుతుంది; ఆ దారి పరీక్షించాలంటే ఈ 16 చాలు. ర్యాండమ్ వాడొద్దని కాదు, సీడ్‌ని (అవే ర్యాండమ్ విలువలు మళ్లీ రప్పించే మొదటి సంఖ్యని) లాగ్‌లో ప్రింట్ చేయండి. లేకపోతే రాత్రి ఫెయిలైన టెస్టు పొద్దున మళ్లీ దొరకదు, ఇక అంతా టెన్షనే.

అపోహ: ఈక్వల్స్ (విలువలు పోల్చే మెథడ్) టెస్టుకి ఒకే లిటరల్‌ని (కోట్స్‌లో నేరుగా రాసిన స్ట్రింగ్‌ని) రెండుసార్లు రాస్తే చాలు.

వాస్తవం: రెండూ ఒకే ఆబ్జెక్ట్. లోపల ఈక్వల్స్ బదులు రెండు ఈక్వల్ గుర్తులతో (ఒకే ఆబ్జెక్టా కాదా అని మాత్రమే చూసేది) పోల్చినా పాసవుతుంది. రెండోదాన్ని న్యూ స్ట్రింగ్‌తో తయారుచేయండి.

అపోహ: కంటికి ఒకేలా ఉన్నవి సెట్‌లో ఒక్కటే మిగులుతాయి.

వాస్తవం: మన 'కై' చూడండి. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, రెండు గుర్తులుగానూ రాయొచ్చు. జావాకి అవి వేర్వేరు స్ట్రింగులు, సెట్ సైజు 2. ఒక్కటిగానే లెక్కపెట్టాలని మీ క్లాసు ఒప్పందమైతే వేసేముందు జావాలోని నార్మలైజర్‌తో ఎన్ఎఫ్‌సీ రూపానికి (విడి గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చాలి. ఈ జత నమూనాల్లో ఉంటేనే ఆ మార్పు మర్చిపోయిన సంగతి బయటపడుతుంది.