పిడుదుల జ్వరం: ఇమ్యూనిటీ గురించి రైతులు నమ్మేవి, అసలు జరిగేవి

విశాఖపట్నం దగ్గర ఆనందపురం, పెందుర్తి, పద్మనాభం వైపు జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరజాతి ఆవులున్న సాలల్లో నన్ను ఎక్కువగా అడిగేది థైలేరియా గురించే, అంటే పిడుదులు అంటించే పరాన్నజీవితో వచ్చే జ్వరం గురించి.

అపోహ: ఒకసారి వచ్చి తగ్గిన ఆవుతో ఇక భయం లేదు.

ఇది సగం నిజం, అందుకే ప్రమాదం. కోలుకున్న ఆవుకు రోగాన్ని తట్టుకునే శక్తి వస్తుంది. కానీ థైలేరియా పరాన్నజీవి కొద్దిపాటిగా ఒంట్లోనే ఉండిపోతుంది, నెలలూ ఏళ్ళూ కూడా. ఆవు బాగానే మేస్తుంది, పాలూ ఇస్తుంది. దాని రక్తం తాగిన పిల్ల పిడుదు పెద్దదయ్యాక వేరే ఆవును కుడితే రోగం అంటుకుంటుంది. సంతలో కొన్న ఆవు వచ్చిన కొన్ని వారాలకే జ్వరంతో పడిపోతే ‘అదే రోగం తెచ్చింది’ అంటారు. చాలాసార్లు రోగం మన సాలలోదే. పాత ఆవులు తట్టుకున్నాయి, కొత్తది తట్టుకోలేకపోయింది. పైగా ఆ శక్తి శాశ్వతం కాదు. ఈనిన కొత్తలోనో, వేరే జబ్బుతో నీరసించినప్పుడో మళ్ళీ తిరగబెట్టొచ్చు.

అపోహ: చిన్న దూడలకు రాదు.

ఈ మాట పిడుదులతోనే వచ్చే మరో జ్వరం, బబేసియా విషయంలో చాలావరకు చెల్లుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల వయసు దాకా దూడలు దాన్ని బాగా తట్టుకుంటాయి. ఆ వయసులోనే సోకితే పెద్దయ్యాక కూడా ఆ రక్షణ పనికొస్తుంది. థైలేరియాకు ఈ మినహాయింపు లేదు. సంకరజాతి దూడలు నెలల వయసులోనే చనిపోతాయి. కొన్నింటికి కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తాయి.

అపోహ: మూత్రం ఎర్రగా లేదు కాబట్టి పిడుదుల జ్వరం కాదు.

ఎర్ర మూత్రం బబేసియా లక్షణం. థైలేరియాలో 104 నుంచి 106 డిగ్రీల జ్వరం, భుజం ముందు గ్రంథి వాపు, చిగుళ్ళు పాలిపోవడం చూడాలి. ఇంకో తికమక ఉంది. ఈనిన కొద్ది వారాలకు గేదెకు మూత్రం ఎర్రగా వస్తే అది తరచూ ఫాస్ఫరస్ లోపం, పిడుదులతో సంబంధమే లేదు. అందుకే ఇంజెక్షన్‌కు ముందు రక్తపు స్లైడ్ తీయించమంటాను. థైలేరియాకు బ్యుపర్వాక్వోన్, బబేసియాకు డైమినాజీన్. ఒకదాని మందు రెండోదానికి చాలదు.

అపోహ: నాటు ఆవులకు రాదు.

వస్తుంది. బాగా తట్టుకుంటాయి, అంతే. పరాన్నజీవిని ఒంట్లో అవి కూడా మోస్తాయి.

అపోహ: టీకా వేయిస్తే సరిపోతుంది.

హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసిన రక్షావ్యాక్-టి థైలేరియాకు మాత్రమే. బబేసియాను ఆపదు, పిడుదులనూ ఆపదు. ఇది బతికున్న కణాల టీకా కాబట్టి లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచాలి. చూడి ఆవులకు వేయరు.

అపోహ: పిడుదులు పీకి పారేస్తే చాలు.

పారేసిన ఆడ పిడుదు గోడ పగుళ్ళలో చేరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పీకినవాటిని సబ్బునీళ్ళలో వేసి చంపండి. పశువు ఒంటితోపాటు గోడల పగుళ్ళు, గాటి అడుగు కూడా డాక్టర్ చెప్పిన మోతాదులో మందు కొట్టాలి, రెండు మూడు వారాలకు మళ్ళీ కొట్టాలి. కిరోసిన్, ఇంజన్ ఆయిల్ పూయకండి, చర్మం పాడవుతుంది. జ్వరం కనిపించిన రోజే పశువుల అంబులెన్స్ నంబరు 1962కు ఫోన్ చేయండి. రక్తం బాగా తగ్గిపోయాక బ్యుపర్వాక్వోన్ వేసినా ఆవు నిలబడుతుందని చెప్పలేం.